ఒక విలువ స్ట్రింగేనా (అక్షరాల వరుసేనా) అన్నది పైథాన్ 2లోనూ 3లోనూ ఎలా పరీక్షించాలి?

రెండింటిలోనూ నడవవలసిన ప్రోగ్రాములో, విలువ ఫలానా రకానిదేనా అని చెప్పే ‘ఈజ్‌ఇన్‌స్టెన్స్’నే వాడి, పైథాన్ 2 అయితే ‘బేస్‌స్ట్రింగ్’తోనూ, పైథాన్ 3 అయితే ‘ఎస్‌టిఆర్’తోనూ పరీక్షించాలి. పైథాన్ 2లో పాఠ్యానికి ‘ఎస్‌టిఆర్’, ‘యూనికోడ్’ అని రెండు రకాలుండి, రెండూ ‘బేస్‌స్ట్రింగ్’ కిందికే వచ్చేవి. 2008లో వచ్చిన పైథాన్ 3లో యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే ప్రమాణం) పాఠ్యమే ‘ఎస్‌టిఆర్’ అయింది, బైట్లు వేరుపడ్డాయి, ‘బేస్‌స్ట్రింగ్’ అన్న పేరే తొలగిపోయింది కనుక పాత కోడు అక్కడ ‘నేమ్‌ఎర్రర్’తో, అంటే ఆ పేరు తెలియదన్న ఎర్రర్‌తో, ఆగిపోతుంది. ఉదాహరణకు, కోనసీమ కొబ్బరి దింపు లెక్కలు రాసే ప్రోగ్రాములో, కొటేషన్ గుర్తుకు ముందు ‘యు’ చేర్చి రాసిన ‘అమలాపురం’ అన్న ఊరి పేరు పైథాన్ 2లో ‘యూనికోడ్’, పైథాన్ 3.3 నుంచి ‘ఎస్‌టిఆర్’. విలువ ఏ రకమో చెప్పే ‘టైప్’ ఇచ్చిన ఫలితాన్ని ‘ఎస్‌టిఆర్’తో పోల్చితే చాలుననుకోవడం తరచు జరిగే పొరపాటు. అదే అమలాపురాన్ని పైథాన్ 2 కాదంటుంది, పైథాన్ 3 అవునంటుంది. పైగా, అసలు చిక్కంతా ఇక్కడే, ఏ ఎర్రరూ చూపదు.