షెల్స్ పడేసరికి జర్మన్లు వెళ్ళిపోతున్నారంటే

తమ్ముడూ, ‘కంబాట్ మిషన్: బ్యాటిల్ ఫర్ నార్మండీ’ అనే రెండో ప్రపంచ యుద్ధం కంప్యూటర్ గేమ్‌లో 105 ఎంఎం బ్యాటరీని (ఫిరంగుల దళాన్ని) పిలిస్తే షెల్స్ (గుండ్లు) పడేసరికి జర్మన్లు జాగా ఖాళీ చేసి పోతున్నారనీ, ఒకసారి నీ సొంత ప్లటూన్ మీదే పడ్డాయనీ రాశావు. నేనూ కొన్ని నెలలు ఇదే ఏడుపు ఏడ్చినాను కాబట్టి చెప్తా.

మాది అనంతపురం. ఎండాకాలం నీళ్ళ ట్యాంకర్‌కి మేం డ్రమ్ములో పావు వంతు నీళ్ళున్నప్పుడే ఫోన్ చేస్తాం. అడుగంటినాక చేస్తే ఆ రోజు స్నానాలు లేనట్టే. నువ్వు అడుగంటినాక చేస్తున్నావు. మిషన్ గన్ మోగి, నలుగురు పడినాక స్పాటర్‌ని (ఫిరంగులకి జాగా చూసి చెప్పేవాణ్ణి) క్లిక్ చేస్తున్నావు. అక్కడి నుంచి నా ఆటల్లో మామూలుగా ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. టర్న్‌కి 60 సెకన్లు కదా, అంటే ఏడెనిమిది టర్న్‌లు. అంతసేపు ఏ జర్మన్ నీకోసం కూర్చుంటాడు?

నా ఘనకార్యం ఇది. ఎదురు కంచెలో మిషన్ గన్, మధ్యలో 120 మీటర్ల పొలం. రెండో ప్లటూన్ కదల్లేక పడుకోనుంది. కంగారులో ‘ఎమర్జెన్సీ’ మిషన్ నొక్కినాను, తొందరగా వస్తాయని. వచ్చినాయి కూడా. కానీ ఎమర్జెన్సీ అంటే స్పాటింగ్ రౌండ్లు (గురి చూసుకోడానికి ముందు ఒక్కొక్కటిగా కొట్టే షెల్స్) వదిలేసి నేరుగా కురిపించడం. 40 మందిలో 11 మంది మిగిలినారు, మిషన్ గన్‌కి గీత కూడా పడలేదు.

ఆ టైముకే మా వీధి మామ ఒకాయన కరెంటు బిల్లు ఫోన్లో కట్టించుకోడానికి వచ్చినాడు. ఆర్టిలరీలో హవల్దారుగా చేసి రిటైరైనాడు. వెనకాల నిలబడి రీప్లే అంతా చూసి ఒకటే అడిగినాడు, “నీ ఓపీ యాడుండాడు?” చూపించినా. ఓపీ అంటే ఆయన భాషలో ఈ స్పాటరే, ఫార్వర్డ్ అబ్జర్వర్. వాణ్ణి కూడా ప్లటూన్ పక్కనే, వాళ్ళు పడుకున్న చోటే పెట్టుకున్నా. “వాడు తల దించుకోని పండుకుంటే గుండు యాడ పడిందో నీకెవరు చెప్తార్రా?” అన్నాడు.

అప్పటిదాకా నేను ఫిరంగులు లేటని తిట్టుకుంటున్నా. నిజానికి లేటయ్యేది కంటి దగ్గర. అబ్జర్వర్ జాగా చెప్తాడు, వెనక లెక్క కట్టి కోణం, మందు ఎంతో తేల్చి ఒక షెల్ కొడతారు, అది ఎంత పక్కన పడిందో అబ్జర్వర్ చూసి దిద్దుతాడు, మళ్ళీ ఒకటి. గురి కుదిరినాకే అన్ని ఫిరంగులూ మొదలవుతాయి. ఆటలోనూ అంతే. మధ్యలో స్పాటర్‌కి ఆ జాగా కనపడకుండా పోతే ఆ దిద్దుబాటు తెగదు, లేదా తప్పు చోట మొదలవుతుంది. అందుకే ఇప్పుడు నా అబ్జర్వర్ ఎప్పుడూ యుద్ధానికి దూరంగా, వెనక గట్టు మీదనో మేడ మీదనో ఉంటాడు. వాడు ఒక్క తూటా కాల్చకూడదు. దాక్కోమని చిన్న కవర్ ఆర్క్ (ఇంత మేరలోనే కాల్చాలనే హద్దు) ఇచ్చి పెడతా. ప్లటూన్ హెచ్‌క్యూ (ప్లటూన్ కమాండర్ టీమ్) కూడా పిలవగలదు గానీ వాడికి ఇంకా ఎక్కువ టైము పడుతుంది. గురీ అంత బాగుండదు.

ఇక ఎక్కడికి పిలవాలి? నిన్ను కొడుతున్నవాడి మీదికి కాదు, పది నిమిషాల తర్వాత నువ్వు పోవాలనుకున్న చోటికి. సెటప్ అప్పుడే మ్యాప్ చూసి, నేను జర్మన్ అయితే మిషన్ గన్ యాడ పెడతానో అనుకుని, అక్కడికి ముందస్తు బాంబింగ్ 5 లేదా 10 నిమిషాల ఆలస్యంతో రాసేస్తా. మొదటి టర్న్‌కి ముందు ఇచ్చేదానికి చూపు అక్కర్లేదు, స్పాటింగ్ రౌండ్లూ ఉండవు. సినారియోలో టీఆర్‌పీలు (ఫిరంగులకి ముందే గురి కుదిర్చి పెట్టిన గుర్తులు) ఇస్తే అవి బంగారం. వాటిని ఇప్పుడు శత్రువున్న చోట పెట్టను, వాడు ఎదురుదాడికి వచ్చే దారి మీదో, వెనక్కి పోయే సందు మీదో పెడతా.

చిన్న చిన్న అవసరాలకి 105ని కదిలించొద్దు. మ్యాప్ మీదున్న 60 ఎంఎం మోర్టార్‌కి లక్ష్యం తనకే కనపడితే మామూలు టార్గెట్ కమాండ్ చాలు, పిలుపూ ఎదురుచూపూ లేవు. మీ వాళ్ళు దగ్గరున్నా 60తో కొంచెం ధైర్యం చెయ్యొచ్చు. 105 అయితే నేను 200 మీటర్ల లోపు ముట్టను, ఒక్కో షెల్ సుమారు 15 కిలోలు మరి.

గురి కుదిరి కురుస్తుండగా జర్మన్లు పక్క పొలానికి జరిగితే కొత్త మిషన్ పెట్టొద్దు, అదే స్పాటర్‌తో ‘అడ్జస్ట్’ నొక్కు, మొదటి నుంచి మొదలుపెట్టే దానికంటే తొందరగా తిరుగుతుంది. పని అయిపోయిందనిపిస్తే సీజ్ ఫైర్ ఇచ్చెయ్. చివరి పది నిమిషాల్లో ఊరి చర్చి దగ్గర నీకు ఆ షెల్సే కావాల్సొస్తాయి.