కోళ్ల పెంపకం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 12 పెట్టలున్నాయి. గూటి రేకు ఎక్కడా కారడం లేదు. అయినా పొద్దున్నే చూస్తే ఊక ముద్దకట్టి ఉంటోంది, కళ్లు మండే వాసన. చలి తగలకూడదని రాత్రిళ్లు చుట్టూ గోనెపట్టాలు కడుతున్నాం. వాన లేని రోజుల్లో ఈ తడి ఎక్కణ్నుంచి వస్తోంది?

జవాబు: కోళ్లలోంచే. గుడ్లు పెట్టే పెట్ట రోజుకు పావు లీటరు దాకా నీళ్లు తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ. 12 పెట్టలకు 3 లీటర్లు. అందులో గుడ్డులోకి పోయేది కొంచెమే. తక్కినదంతా రెట్టలోనూ ఊపిరిలోనూ బయటికొస్తుంది. అప్పుడే వేసిన రెట్టలో ముప్పాతిక వంతు నీరే. రాత్రంతా అవి గూట్లోనే ఉంటాయి, పట్టాలు కట్టడంతో ఆవిరికి దారి లేకుండా పోతోంది. అది చల్లబడ్డ రేకుకు తగిలి చుక్కలై మళ్లీ ఊక మీదే పడుతుంది. తెల్లవారుజామున రేకు అడుగున చెయ్యి పెట్టి చూడండి.

పట్టాలు కోళ్లు కూర్చునే ఎత్తు వరకే ఉండాలి. చూరు కింద ఎదురెదురు గోడల్లో జానెడు ఖాళీ వదిలి, అరంగుళం కన్నాల జాలీ బిగించండి. గాలి కోళ్ల తలల మీదుగా పోవాలి గానీ ఒంటికి కొట్టకూడదు. ఈకలు పొడిగా ఉంటే పెద్ద కోడి చలిని బాగానే తట్టుకుంటుంది. తట్టుకోలేనిది తడి రెట్టలోంచి లేచే అమ్మోనియా వాయువు ఘాటునే. కళ్లు నీరు కారతాయి, గురక మొదలవుతుంది. మీరు గూట్లో వంగినప్పుడు కళ్లు మండుతున్నాయంటే, నేలకు దగ్గరగా ఉండే కోళ్లకు అంతకన్నా ఎక్కువే తగులుతోందన్నమాట.

ఇక ఊక సంగతి. గుప్పెడు తీసి గట్టిగా పిసికి వదలండి. ముద్దలా నిలిచిపోతే తడెక్కువ. వేళ్లకు కాస్త అంటి విడిపోతే సరిగ్గా ఉంది. అసలు అంటకుండా దుమ్ము లేస్తే మరీ ఆరిపోయింది, అదీ మంచిది కాదు. అట్టకట్టిన చోట్ల గీకి పారేసి, మొత్తం మందం 4 అంగుళాలకు తగ్గకుండా కొత్త ఊక కలపండి. వారానికి రెండుసార్లు అడుగు దాకా తిరగేయాలి. కూర్చునే కర్రల కింద ఒక చెక్క పెట్టి, రాత్రి రెట్ట రోజూ పొద్దున్నే గీకి తీసేస్తే సగం తడి ఊకను చేరనే చేరదు. మా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదే.

నీళ్ల తొట్టి అంచు కోడి వీపు ఎత్తులో ఉండాలి. కిందుంటే కాళ్లతో గీరి ఒలకబోస్తాయి. చీకట్లో కోళ్లు నీళ్లు తాగవు కాబట్టి రాత్రికి తొట్టి బయట పెట్టేయవచ్చు, తెల్లారగానే అందితే చాలు.

ప్రశ్న: తడి ఊక మీద సున్నం చల్లితే వాసన పోతుందా?

జవాబు: పోదు, ముందు పెరుగుతుంది. సున్నం క్షారం. అది తగిలితే రెట్టలో ఉన్న అమ్మోనియా ఇంకా తొందరగా గాలిలోకి లేస్తుంది. ఊకంతా తీసేసి నేల ఆరాక పల్చగా చల్లండి, దాని మీద కొత్త ఊక పరచండి. చల్లేటప్పుడు కోళ్లు లోపల ఉండకూడదు.

ప్రశ్న: మాకూ 12 పెట్టలే. గూడు 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. కొత్తగా 20 పిల్లల్ని తెచ్చాం, ఇప్పుడు 6 వారాలు. పెద్దవాటితో కలపొచ్చా? అన్నీ పడతాయా?

జవాబు: గూటి నేల 48 చదరపు అడుగులు. పగలంతా బయట తిరిగే కోళ్లకైతే తలకు కనీసం 2 చదరపు అడుగుల లెక్కన 24 పడతాయి. రోజంతా లోపలే ఉంచితే 12కే సరి. అంటే 32 పట్టవు. ఆడా మగా ఏరకుండా తెచ్చిన పిల్లలైతే అందులో సుమారు సగం పుంజులవుతాయి. 8 నుంచి 10 పెట్టలకు ఒక పుంజు చాలు, మిగతావి తీసేయాల్సిందే. అప్పుడు పెట్టలు 22, పుంజులు 2, మొత్తం సుమారు 24 మిగులుతాయి. ఒక్కోదానికి 8 అంగుళాల కర్ర కావాలి కాబట్టి 8 అడుగుల కర్రలు రెండు పెట్టండి, రెండూ ఒకే ఎత్తులో. ఒకటి పైకుంటే రోజూ సాయంత్రం దానికోసమే పోట్లాట. పెట్టలు రెట్టింపయ్యాక తడీ రెట్టింపే, ఊక తిరగేసే పనీ అంతే.

ఇప్పుడే కలపకండి. 3 నుంచి 6 వారాల పిల్లలకు కాక్సిడియోసిస్ (పేగుల్లో క్రిములు చేరి వచ్చే జబ్బు) భయం ఎక్కువ. పెద్దకోళ్లు ఏ లక్షణమూ లేకుండానే ఆ క్రిముల్ని రెట్టలో వదులుతాయి. వెచ్చగా, తడిగా ఉన్న ఊకలో అవి ఒకట్రెండు రోజుల్లోనే అంటుకోవడానికి సిద్ధమవుతాయి. పిల్ల ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు వేలాడేసి కునుకుతుంటే, రెట్టలో నెత్తురు కనిపిస్తే ఆ రోజే పశువైద్యుణ్ని కలవండి. ఆంప్రోలియం లాంటి మందు నీళ్లలోనే కలిపి ఇస్తారు, ఎందుకంటే జబ్బు చేసిన పిల్ల దాణా మానేసినా నీళ్లు తాగుతుంది.

12 వారాలు దాటి, ఒళ్లు పెద్దవాటికి దగ్గరగా వచ్చాక మొదట మధ్యలో జాలీ అడ్డం పెట్టి రెండు వారాలు పక్కపక్కనే ఉంచండి. తర్వాత చీకటి పడ్డాక అన్నిటినీ ఒకేసారి కర్రల మీదికి ఎక్కించండి. ఒక్కొక్కటిగా వదిలితే ఆ ఒక్కదాన్నే పొడుస్తాయి. దాణా తొట్లు రెండు మూడు చోట్ల, ఒకదానికొకటి కనబడకుండా పెట్టాలి. కాస్త తరమడం, పొడవడం మామూలే. నెత్తురు కనిపిస్తే మాత్రం ఆ కోడిని వెంటనే విడదీయండి, ఎర్రగా కనిపించిన చోటే మిగతావన్నీ పొడుస్తాయి.

దాణా దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. లేయర్ దాణాలో, అంటే గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో, కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది, ఎదిగే పిల్లలకు 1 శాతం చాలు. ఎక్కువైతే మూత్రపిండాలు పాడవుతాయి. అందుకని అన్నిటికీ గ్రోయర్ దాణా (ఎదిగే పిల్లల దాణా) పెట్టి, పెట్టలకు కాల్షియం కోసం గుల్లల పొడి వేరే గిన్నెలో ఉంచండి. అవసరమున్నవే తింటాయి.

ప్రశ్న: పిల్లలకు బల్బు ఎన్నాళ్లు ఉంచాలి?

జవాబు: మొదటి వారం పిల్ల వీపు ఎత్తులో 35 డిగ్రీలు, ఆపై వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించండి. ఈకలు నిండే ఐదారు వారాలకు చాలావరకు అక్కర్లేదు. బల్బు కింద ఒకదాని మీదొకటి ఎక్కితే చలి, దూరంగా పోయి నోరు తెరిచి రొప్పితే వేడి. బల్బును కరెంటు వైరుతో కాక గొలుసుతో వేలాడదీయండి. పొడి ఊకలో పడితే నిప్పంటుకుంటుంది.