వేగంగా పెరిగే కలప చెట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సర్జాపుర రోడ్డు లేఅవుట్‌లో మా ఇల్లు. వెనుక వైపు ఇంటికీ కాంపౌండ్ గోడకూ నడుమ పదిహేను అడుగుల ఖాళీ స్థలం ఉంది. ఏడాదిలో మేడ ఎత్తుకు పెరిగి ఊదా పూలు పూస్తుందనీ, ఎనిమిదేళ్లలో కలప అమ్ముకోవచ్చనీ చెబితే ఆన్‌లైన్‌లో పౌలోనియా మొక్క తెప్పించాను. ఎలా పెంచాలి? బెంగళూరులో పూస్తుందా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, పౌలోనియా వేగంగా పెరుగుతుందన్న మాటలో అబద్ధం లేదు. చైనా దీని పుట్టినిల్లు. జపాన్‌లో దీనిని ‘కిరి’ అంటారు. అక్కడ బట్టల పెట్టెలనూ, కోటో అనే తంత్రీవాద్యాన్నీ ఈ కలపతోనే చేస్తారు. ఆ కలపకున్న గిరాకీకి దాని తేలికదనం ఒక ముఖ్య కారణం. ఘనమీటరు టేకు సుమారు 650 కిలోలు తూగితే, పౌలోనియా 300 కిలోలకు అటూ ఇటూగా మాత్రమే తూగుతుంది కనుక బరువు మోయవలసిన దూలాలకు ఇది పనికిరాదు. పెరట్లో ఉన్న ఒక్క చెట్టు కోసం కోతమిల్లు వారు మనుషులనూ లారీనీ పంపడం కూడా జరిగే పని కాదు. అందువల్ల కలప లెక్క పక్కన పెట్టి, మీ పెరటి అందం కోసమే దీనిని పెంచండి.

పూత విషయంలోనూ మీకు ఆశ కల్పించలేను. ఈ చెట్టు చలికాలానికి ముందే మొగ్గలు కట్టి, చలి గడిచాక, ఆకు చిగురించక ముందే పూస్తుంది. దానికి అలవాటైన గట్టి చలి మన దగ్గర లేదు. బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఊదా పూలే మీకు ముఖ్యమైతే, ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ నగర వీధుల్లో విరగబూసే జకరండా ఉండనే ఉంది. దానికి కూడా విశాలమైన చోటు కావాలి కనుక, దానిని మీ వీధి పార్కులో నాటించడం మేలు.

ఇక మీ పదిహేను అడుగుల స్థలం సంగతి. సరిగ్గా నడుమ నాటినా అటు గోడకూ ఇటు ఇంటికీ ఏడున్నర అడుగులే మిగులుతాయి. ఎదిగిన పౌలోనియా కొమ్మలు ఇరవై అయిదు, ముప్పై అడుగుల మేర పరుచుకుంటాయి కాబట్టి దానిని పూర్తి చెట్టుగా అక్కడ పెంచవద్దని గట్టిగా చెబుతున్నాను. అయినా మొక్కను పారవేయనక్కరలేదు. ఏటా ఫిబ్రవరిలో, చిగురు తొడగక ముందు, కాండాన్ని నేలకు రెండంగుళాల ఎత్తున కోసివేయండి. మొదలు నుంచి నాలుగైదు పిలకలు వస్తాయి. అవి జానెడు పొడవు కాగానే బలమైనదానిని ఒక్కటే ఉంచి, మిగిలినవి తుంచివేయండి. వేళ్లలోని బలమంతా ఆ ఒక్క పిలకకే అందడం వల్ల ఒక్క వానాకాలంలోనే అది మనిషిని మించి పెరిగి, అడుగుకు పైగా వెడల్పున్న మెత్తని నూగు ఆకులు వేస్తుంది. ఈ పద్ధతిలో పూలు రావు. ఆకుల అందమే మీకు దక్కే ఫలం, అది తక్కువదేమీ కాదు.

విశాలమైన స్థలంలో కలప కోసం పెంచేవారు కూడా ఈ కోతను ఒక్కసారి, రెండో ఏడాది మొదట్లో, చేస్తారు. తొలి ఏడాది కాండాన్ని అడ్డంగా కోసి చూస్తే వెదురు బొంగులా నడుమ బోలుగా కనిపిస్తుంది. అది సాధారణంగా వంకరగానూ ఉంటుంది. వేళ్లు కుదురుకున్నాక వచ్చే రెండో కాండమే నిటారుగా లేస్తుంది. దాని ఆకుల పంగల్లో పుట్టే పక్క చిగుళ్లను లేతగా ఉన్నప్పుడే చేతితో గిల్లివేస్తే మాను ముడులు లేకుండా ఎదుగుతుంది.

ఈ మొక్కను చంపేది ఎండ కన్నా నిలవ నీరే. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెళ్లలు మీ పెరటి నేలలో ఉంటే రెండడుగుల లోతున తవ్వి, వాటిని ఏరివేసి, ఎర్రమట్టిలో చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. గుంతలో బకెట్ నీరు పోసి చూడండి. గంటల తరబడి ఇంకకపోతే మట్టిని కట్టగా పోసి దానిపై నాటాలి. ఏప్రిల్, మే నెలల్లో వానకు ముందు వీచే ఈదురుగాలికి పెద్ద ఆకులున్న లేత కాండం విరుగుతుంది కనుక ఊతకర్ర తప్పనిసరి.

ప్రశ్న: చింతామణి దగ్గర మాకున్న ఎకరం పొలం గట్ల వెంట సిల్వర్ ఓక్ నాటాలా, మలబార్ వేప నాటాలా?
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: రాబడే ప్రధానమైతే మలబార్ వేప నాటండి. కన్నడంలో ‘హెబ్బేవు’ అనే ఈ చెట్టును ప్లైవుడ్ మిల్లులు కొంటాయి. నీరు, ఎరువు సరిగ్గా అందితే ఆరు నుంచి ఎనిమిదేళ్లలో కోతకు వస్తుంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్ అంతకన్నా నెమ్మదిగా ఎదుగుతుంది, కానీ చూడముచ్చటైనది. ఆకు అడుగున వెండి మెరుపు, బంగారు నారింజ రంగు పూలు, నిటారైన మాను ఉండడం వల్ల కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో దానిని నీడకోసం పెంచి, మిరియాల తీగలను పాకిస్తారు. దాని కొమ్మలు పెళుసు. దారి పక్కన, కరెంటు తీగల కింద నాటవద్దు.

ఏది నాటినా ఒకే వరుసలో పది, పన్నెండు అడుగుల ఎడం ఇవ్వండి. పక్క రైతు పొలం వైపు నీడ పడకుండా, వేళ్లు పోకుండా గట్టుకు కొంత లోపలగా నాటడం న్యాయం. మొదటి రెండు వేసవులు నీరు తప్పదు. కోసే ముందు అటవీ శాఖను అడగండి. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలో లేదో చెట్టు జాతిని బట్టి ఉంటుంది.

ప్రశ్న: రెండేళ్ల మహాగని మొక్క మొవ్వు వాడి నల్లబడింది. చిన్న రంధ్రం నుంచి పొట్టు రాలుతోంది. మొక్క చనిపోతుందా?
– ఒక పాఠకురాలు, హొసకోట

జవాబు: చనిపోదు. అది మొవ్వు తొలిచే పురుగు పని. మహాగనినీ, దాని బంధువైన నందివృక్షాన్నీ లేత వయసులో పట్టుకుంటుంది. రంధ్రం కిందుగా, లోపల తెల్లని గుజ్జు కనిపించే దాకా కొమ్మను కత్తిరించి కాల్చివేయండి. కోసిన చోట రెండు మూడు చిగుళ్లు వస్తాయి; వాటిలో నిటారైనది ఒక్కటే ఉంచకపోతే మాను పంగలుగా చీలి కలపకు పనికిరాకుండా పోతుంది. వానలు పడి కొత్త చిగురు వేసే రోజుల్లో వారానికి ఒకసారి మొవ్వును పరిశీలించండి.