జెట్ పైలట్‌కు బట్ట రెక్కల మీద మోజెందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఎయిర్‌బస్ ఏ320 పైలట్. మేము గుంటూరు నుంచి వచ్చి బెంగళూరులో వాడి దగ్గరే ఉంటున్నాం. ఈమధ్య అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఇంటికి సెలవు మీద వెళ్లి, అక్కడ సొంత డబ్బు కట్టి మరీ పైపర్ కబ్ అనే బట్ట రెక్కల పాత విమానం నేర్చుకొని వచ్చాడు. తోటి పైలట్లు భోజనానికి వచ్చినా అవే కబుర్లు. అంత పెద్ద విమానం నడిపేవాళ్లకు ఈ మోజు ఏమిటి? ప్రమాదం కాదా?
— ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: ఏ320 నేల విడిచిన కొద్దిసేపటికే సాధారణంగా ఆటోపైలట్ పని అందుకుంటుంది. అక్కడి నుంచి పైలట్ చేసేది ఎక్కువగా కనిపెట్టి ఉండడం, ఆలోచించడం, నిర్ణయించడం. అది చిన్న పనేమీ కాదు గానీ, చేతులకూ కాళ్లకూ తగలని పని. మలుపులో ముక్కు పక్కకు జారకుండా రడ్డర్‌ను, అంటే తోక మీద నిలువుగా ఉండి అటూ ఇటూ కదిలే పలకను, కూడా కంప్యూటరే సర్దుతుంది. 1938 నుంచి 1947 వరకు తయారైన జే-3 కబ్‌లో ఆ సర్దుబాటు పైలట్ పాదాలదే: కుడికి వాల్చగానే ముక్కు మొదట ఎడమకు పోబోతుంది, కుడి పెడల్‌ను తగినంత నొక్కకపోతే విమానం జారుతున్న సంగతి కూర్చున్న చోటే ఒంటికి తెలిసిపోతుంది.

ఆ విమానం ఇంజను శక్తి 65 హార్స్‌పవర్, అంటే మన చిన్న కార్లపాటిది. పెట్రోలు ఎంత ఉందో చెప్పడానికి మీటరు ఉండదు. అద్దానికి ముందు, ట్యాంకు మూతలోంచి ఒక తీగ పైకి పొడుచుకొని ఉంటుంది, లోపల దాని కొసకున్న బెండు పెట్రోలు మీద తేలుతూ ఉంటుంది, పెట్రోలు తగ్గేకొద్దీ తీగ కిందికి దిగుతుంది. స్టార్టర్ లేని కబ్‌లో ప్రొపెల్లర్‌ను ఒకరు చేత్తో తిప్పాలి. ఒంటరిగా ఎగిరేవారు వెనక సీట్లో కూర్చోవాలి. రోజూ తెరల ముందు కూర్చునే మనిషికి ఇవన్నీ ఎంత ముచ్చటగా ఉంటాయో ఊహించండి.

ఇది వట్టి ముచ్చటే కాదు. 1983 జులై 23న కెనడాలో ఒక బోయింగ్ 767కు, కిలోలకూ పౌండ్లకూ మధ్య జరిగిన లెక్క పొరపాటు వల్ల, 41,000 అడుగుల ఎత్తున ఇంధనం అయిపోయింది. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు గ్లైడర్లు, అంటే ఇంజను లేని విమానాలు, నడిపిన అనుభవం ఉంది. గ్లైడర్లలోనూ కబ్ వంటి విమానాలలోనూ ఎత్తు తగ్గించడానికి వాడే సైడ్‌స్లిప్‌ను, అంటే రెక్కను ఒక వైపు వాల్చి రడ్డర్‌ను ఎదురు వైపు తొక్కే పద్ధతిని, ఆ జెట్ మీద ప్రయోగించి ఆయన గిమ్లీ అనే పాత వైమానిక స్థావరంలో దించారు. లోపలి 69 మందీ బతికారు.

ఇక ప్రమాదం మాట. చిన్న విమానాల్లో ఎగరడం ఎయిర్‌లైన్ ప్రయాణమంత క్షేమం కాదు, మీ భయం అర్థం లేనిదేమీ కాదు. జెట్‌లో గడించిన వేల గంటల అనుభవం ఇక్కడ ఒక్కోసారి అడ్డం కూడా వస్తుంది. ఏ320 పైలట్ కళ్లు నేల మీద ఉన్నప్పుడే దాదాపు మొదటి అంతస్తు కిటికీ ఎత్తున ఉంటాయి కనుక, కబ్‌ను కూడా అంత ఎత్తులోనే నిలిపేసి ధబీమని దించే అలవాటు ఉంటుంది. పైగా కబ్ లాంటి తోక చక్రం విమానంలో (మూడో చక్రం ముక్కు కింద కాక తోక కింద ఉండేది) బరువు ముందు చక్రాలకు వెనక ఉండడం వల్ల, నేల మీద కాస్త పక్కకు తిరిగితే ఆ తిరుగుడు దానంతట అదే పెరుగుతుంది. మానేయమని చెప్పకండి, పక్కన తోక చక్రం తెలిసిన శిక్షకుడు ఉన్నాడా, గాలి ఎంత ఉంటే ఎగరకుండా ఆగిపోతాడు అని అడగండి. రెండో ప్రశ్నకు తడుముకోకుండా అంకె చెప్తే మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

ప్రశ్న: ఇలాంటి విమానాలు బెంగళూరులోనూ తయారయ్యాయంటారు, నిజమేనా?
— ఒక విద్యార్థి, మారతహళ్లి

జవాబు: నిజమే. ఇక్కడి ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారుచేసిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం 1951లో, ఫ్లయింగ్ క్లబ్బుల కోసం తయారుచేసిన పుష్పక్ 1958లో తొలిసారి ఎగిరాయి. రామాయణంలోని పుష్పకంలో ఎంతమంది ఎక్కినా మరొకరికి చోటుంటుందంటారు. ఈ పుష్పక్‌లో మాత్రం పక్కపక్కనే ఇద్దరికే చోటు. దాని ఇంజను శక్తి 90 హార్స్‌పవర్. మీకు దగ్గరలోనే ఉన్న హెచ్‌ఏఎల్ మ్యూజియంలో పాత విమానాలను పక్కన నిలబడి చూడవచ్చు.