అమ్మకి అన్నం, పండ్లు మానిపించకండి

"అమ్మకి పెద్దపేగు క్యాన్సర్, మూడో కీమో అయింది. తింటున్నా చిక్కిపోతోంది. చక్కెర క్యాన్సర్‌కి మేత అంటున్నారు, అన్నం, పండ్లు మానిపించాలా?" అని అడిగారు కదా. మానిపించకండి అండీ. ఆ తప్పు మేం చేశాం కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

మా నాన్నకి పొట్టలో క్యాన్సర్ అని తేలినప్పుడు 68 కిలోలు. ఎవరో చెప్తే ఒక ప్రకృతి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. అన్నం, పాలు, గుడ్డు ఆపి రసాల మీద ఉంచండి, గడ్డ ఆకలికి మాడిపోతుంది అన్నాడు. నమ్మాను. ఐదు వారాలు నా చేత్తోనే సొరకాయ రసం, గోధుమగడ్డి రసం పోశాను. ఒకరోజు నాన్న రిమోట్ కోసం చెయ్యెత్తితే వాచీ మణికట్టు మీంచి జారి మోచేతి దాకా పోయింది. ఆ సాయంత్రమే మందుల షాపులో తూకం చూస్తే 60. ఆరు నెలల్లో 5 శాతం మించి తగ్గితేనే డాక్టర్లు కంగారు పడతారు. ఇది 12 శాతం దాకా ఉంది.

తర్వాత ఆసుపత్రిలో డైటీషియన్ మేడమ్ కూర్చోబెట్టి చెప్పారు. చక్కెర మాట ఊరికే పుట్టలేదు. క్యాన్సర్ కణాలు గ్లూకోజుని విపరీతంగా లాగి, ఆక్సిజన్ అందుతున్నా పూర్తిగా మండించకుండా లాక్టేట్ అనే పదార్థంగా వదిలేస్తాయని ఓటో వార్‌బుర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1920లలోనే చూపించాడు. క్యాన్సర్‌ని వెతికే పెట్ స్కాన్‌లో గడ్డ వెలిగేది కూడా గ్లూకోజుని అలా లాగడం వల్లే. కానీ మనం అన్నం ఆపినంత మాత్రాన రక్తంలో గ్లూకోజు ఆగదు. కాలేయం కండని కరిగించి మరీ తయారుచేస్తుంది. గడ్డ వదిలిన లాక్టేట్‌ని మళ్లీ గ్లూకోజు చేసే పని కూడా దానిదే. ఒక్కో గ్లూకోజు అణువుకి గడ్డకి దక్కేది 2 ఏటీపీలు (కణాలు వాడుకునే శక్తికి లెక్క), దాన్ని మళ్లీ తయారుచేయడానికి కాలేయానికి అయ్యే ఖర్చు 6. ఆ ఖర్చంతా రోగి ఒంట్లోంచే పోతుంది. పైగా జబ్బు వల్ల ఒళ్లంతా లోలోపల ఇన్‌ఫ్లమేషన్ (పైకి కనిపించని వాపు) ఉండి కండ కరుగుతుంది, ఆకలి చస్తుంది. దీన్నే కాకెక్సియా అంటారు. తిండి ఒక్కదానితో ఇది పూర్తిగా తిరగదు, కానీ తిండి లేకపోతే ఇంకా వేగంగా ముంచుతుంది.

లెక్క ఇది: రోజుకి కిలో బరువుకి 25 నుంచి 30 కేలరీలు, ప్రోటీన్ 1 గ్రాముకి తగ్గకుండా, వీలైతే 1.5 దాకా. అప్పటికి 60 కిలోలున్న నాన్నకి రోజుకి 1500–1800 కేలరీలు, 60–90 గ్రాముల ప్రోటీన్ అన్నమాట. గుడ్డుకి 6 గ్రాములే వస్తుంది, కాబట్టి తేలిక కాదు.

కంచం నిండా పెడితే చూడగానే మొహం తిప్పేసేవారు. అందుకే రెండు గంటలకోసారి చిన్న గిన్నెలో పెట్టడం మొదలుపెట్టా. పాలలో రెండు చెంచాల పాలపొడి కలిపి కాచి, అందులోనే రాగిజావ. పెసరట్టు. ముద్దపప్పులో నెయ్యి. కీమోకి మలక్‌పేట నుంచి లకడీకాపూల్‌కి మెట్రోలో వెళ్లేటప్పుడు ఫ్లాస్కులో అదే జావ. పోపు వాసనకి వికారం వచ్చేది, ఆ టైముకి నాన్నని మేడ మీదకి పంపేదాన్ని. చల్లటి పెరుగన్నం మాత్రం దిగేది. స్టీలు చెంచాతో నోరంతా ఇనుము రుచి అంటే ప్లాస్టిక్ చెంచా ఇచ్చా. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో బయట కోసిన పండ్లు వద్దు, ఇంట్లో కడిగి తొక్క తీసి పెట్టండి.

తినట్లేదని నేనొకసారి అరిచాను. ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక నా వైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను. అది మొండితనం కాదండీ, జబ్బు ఆకలిని తినేసింది. అమ్మని బతిమాలండి గానీ కోప్పడకండి.

రెండు నెలలకి నాన్న 62కి వచ్చారు. పెరిగింది తక్కువే, కానీ తగ్గడం ఆగింది. మిగతా కీమో వాయిదా పడకుండా అయిపోయింది. రోజూ వరండాలో పది నిమిషాలు నడిపించేవాళ్లం, కండకి అదీ కావాలి.

అమ్మగారికి షుగర్ ఉన్నా, కిడ్నీ సమస్య ఉన్నా ఈ లెక్కలు మీరే పెట్టకండి, డాక్టర్‌ని అడగండి. కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ కూడా షుగర్ పెంచుతుంది. పేగు ఆపరేషన్ అయి ఉంటే పీచు ఎంత పెట్టాలో కనుక్కోండి. వారానికోసారి ఒకే మిషన్ మీద బరువు చూసి, మూడు రోజులు తిన్నదంతా రాసి తీసుకెళ్లండి. వారం దాటినా సగం కూడా తినలేకపోతుంటే వచ్చే కీమో దాకా ఆగొద్దు, వెంటనే చెప్పండి. ట్యూబు ద్వారా ఇచ్చే దారి కూడా ఉంది.

అమ్మగారి బరువెంతో, ఆపరేషన్ అయిందో లేదో రాయండి. నాన్న తిండి రాసిన నోట్‌బుక్ నా దగ్గరే ఉంది, రెండో నెల పేజీ ఫొటో తీసి పెడతాను.