ఉత్తర తెలంగాణ చలి ఉత్తర ధ్రువం నుంచే వస్తుందా?

అమెరికాలో ధ్రువపు గాలి దిగి ఊళ్లు గడ్డకట్టాయని వార్తల్లో చూసి, ఆదిలాబాద్, వరంగల్ చలి కూడా అక్కడిదేనా అని చాలామంది అడుగుతుంటారు. నేరుగా అక్కడిది కాదు.

ఉత్తర అమెరికాలో పెద్ద పర్వతాలు ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి. కెనడా మీదుగా దిగే బరువైన చల్లగాలిని ఆపేదేమీ లేదు. అందుకే 2019 జనవరిలో షికాగో మైనస్ 30 డిగ్రీలకు పడిపోయింది, 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ సైతం గడ్డకట్టింది. మనకు హిమాలయాలు అడ్డుగోడ. సైబీరియా చలి చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

మరి ఇక్కడ వణుకు ఎందుకు? మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వాన, మంచు మబ్బుల వ్యవస్థలు (వీటినే పశ్చిమ అలజడులు అంటారు) కశ్మీర్, హిమాచల్‌లో మంచు కురిపించి వెళ్లగానే, వాటి వెనకే పొడి చల్లగాలి విదర్భ దాటి ఆదిలాబాద్‌లోకి దిగుతుంది. అయితే నా ఉద్దేశంలో అసలు పని చేసేది మన ఆకాశమే. మబ్బు, తేమ లేని రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి పల్లంలో చేరుతుంది. తెల్లవారుజామున పత్తి చేల మీద పొగ పైకి లేవకుండా చాపలా పరుచుకుని ఉంటుంది చూడండి, కారణం అదే. ఆసిఫాబాద్ అటవీ పల్లెల్లో 10 డిగ్రీల లోపుకు పడిపోయేది ఇలాంటి రాత్రుల్లోనే. ఉత్తరం నుంచి దిగిన పొడిగాలి వరంగల్ చేరేసరికి కాస్త వేడెక్కుతుంది.

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే తూర్పుగాలి మబ్బు తెస్తుంది, రాత్రి చలి తగ్గుతుంది. ఆకాశం తేటపడిన మొదటి రాత్రికే మళ్లీ పట్టేస్తుంది. ఇంట్లో పసిపిల్లలు, ముసలివాళ్లు ఉంటే దుప్పట్లు ముందే తీసి పెట్టుకోండి. తలుపులన్నీ మూసి గదిలో కుంపటి మాత్రం పెట్టొద్దు.