మీరడిగారు: కాలేజీ కార్బన్ లెక్క, ఫ్యాన్లు, మెస్సు

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కాలేజీలో ఎకో క్లబ్ పెట్టుకున్నాం. "ముందు మన కాలేజీ ఎంత కార్బన్ వదులుతోందో లెక్క తెండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఏదైనా ఏజెన్సీకి అప్పగించాలా, మేమే చేయగలమా?
- బీటెక్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: మీరే చేయగలరు. ఏజెన్సీ వచ్చినా ముందుగా అడిగేది మీ కరెంటు బిల్లులే. 12 నెలల హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు బిల్లులు, జనరేటర్ డీజిల్ రిజిస్టరు, మెస్ సిలిండర్ల రసీదులు అకౌంట్స్ సెక్షన్‌లో దొరుకుతాయి. గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కు దాదాపు 0.72 కిలోలు, డీజిల్‌కు లీటరుకు 2.68 కిలోలు, గ్యాస్‌కు కిలోకు సుమారు 3 కిలోల చొప్పున కార్బన్ డయాక్సైడ్ లెక్కగట్టండి. అంటే 19 కిలోల సిలిండర్ ఒకటి కాలితే 57 కిలోలు. నెలకు 40,000 యూనిట్లు వాడే కాలేజీకి కరెంటు పద్దు ఒక్కటే నెలకు 28.8 టన్నులవుతుంది.

లెక్క తప్పేది ఎక్కువగా మీటరు దగ్గరే. హెచ్‌టీ బిల్లులో డబ్బు కట్టేది కేవీఏహెచ్ మీద, అంటే గ్రిడ్ నుంచి లాగిన మొత్తం మీద. మీకు కావలసింది కేడబ్ల్యూహెచ్, అంటే నిజంగా ఖర్చయిన యూనిట్లు. రెండూ బిల్లులోనే ఉంటాయి, చూసి తీసుకోండి. మీరే వెళ్లి రీడింగ్ రాసుకుంటే, రెండు రీడింగుల తేడాను బిల్లు మీదుండే ఎంఎఫ్ (మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్) అంకెతో గుణించాలి. అది మరిచిపోతే వేలల్లో రావలసిన యూనిట్లు పదుల్లో కనిపించి, కాలేజీ ఎంతో పొదుపుగా ఉందని మురిసిపోతారు. డీజిల్‌కు కొన్న లీటర్లు కాదు, కాల్చిన లీటర్లు కావాలి: నెల మొదట్లో ట్యాంకులో ఉన్నదానికి కొన్నది కలిపి, నెలాఖరున మిగిలినది తీసేయండి. బస్సుల డీజిల్‌ను వేరే పేజీలో రాయండి.

ఇంకో చిన్న పని. శనివారం రాత్రి 11కు, ఆదివారం తెల్లవారుజామున 5కు క్లాసుల బ్లాకు సబ్ మీటరు చూడండి. మనిషి లేని వేళ తిరిగిన ఆ యూనిట్లు వాటర్ కూలర్లవి, ల్యాబ్ యూపీఎస్‌లవి, వరండా లైట్లవి. పైసా ఖర్చు లేకుండా తగ్గేవి ముందు ఇవే.

ప్రశ్న: 1,000 మొక్కలు నాటాం. గేటు దగ్గర "కార్బన్ న్యూట్రల్ క్యాంపస్" అని బోర్డు పెట్టుకోవచ్చా?
- డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: వద్దు. ఆ మాటకు అర్థం, వదిలిన కార్బన్ అంతా తిరిగి పీల్చేస్తున్నామని. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి పీల్చేది మోటు లెక్కన 20 కిలోల కార్బన్ డయాక్సైడ్. వెయ్యీ బతికి చెట్లయినా 20 టన్నులే. పైన చెప్పిన కాలేజీ అంత కార్బన్ నెల తిరగకముందే వదిలేస్తుంది. నీడ కోసమైతే తప్పకుండా నాటండి. పడమటి గోడ వైపు వేప, కానుగ వేస్తే మధ్యాహ్నం గదులు చల్లబడతాయి. అయితే జూలైలో నాటినవారే ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు పోసే పేర్ల జాబితా కూడా రాసిపెట్టాలి. లేకపోతే న్యాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైలులో ఫొటోలే మిగులుతాయి.

ప్రశ్న: హాస్టల్‌లో 400 పాత ఫ్యాన్లున్నాయి. బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారు) ఫ్యాన్లు వేయమని అడిగితే, ఇంతకుముందు పెట్టిన పదింటిలో మూడు ఏడాదిలోపే పోయాయని వార్డెన్ గారు ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?
- హాస్టల్ కమిటీ సభ్యుడు, తిరుపతి

జవాబు: ముందు ఆ గదుల స్విచ్‌బోర్డులు చూడండి. పాత రెగ్యులేటర్ అలాగే ఉంచి ఫ్యాను బిగించి ఉంటారు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటును ముక్కలు చేసి పంపుతుంది. ఫ్యాను లోపలి డ్రైవర్ బోర్డు దాన్ని తట్టుకోలేదు. రెగ్యులేటర్ తీసేసి స్విచ్ నుంచి నేరుగా వైరు ఇవ్వాలి.

పాత ఫ్యాను 75 వాట్లు, కొత్తది 30 అనుకుందాం. రోజుకు 14 గంటలు, ఏడాదికి 270 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యానుకు 170 యూనిట్లు మిగులుతాయి. 400 ఫ్యాన్లకు 68,000 యూనిట్లు, దాదాపు 49 టన్నులు. ఇది పై హద్దు. చలికాలంలో రెగ్యులేటర్ తగ్గించి తిప్పేవాళ్లకు అంత మిగలదు.

కొనేముందు పవర్ ఫ్యాక్టర్ (కేవీఏహెచ్‌లో కేడబ్ల్యూహెచ్ వాటా) 0.9 పైన ఉందో లేదో అడగండి. చవక రకాల్లో అది బాగా తక్కువ. అప్పుడు యూనిట్లు తగ్గినా కేవీఏహెచ్ బిల్లు అంతగా తగ్గదు, వార్డెన్ గారి మాటే నిజమవుతుంది. రిమోట్లు హాస్టల్‌లో నిలవవు కాబట్టి, గోడ స్విచ్ ఆపి వేస్తే స్పీడు మారే రకం తీసుకోండి. 400 ఒకేసారి అడగొద్దు. కాయిల్ కాలి చుట్టించడానికి వెళ్లే ఫ్యాన్ల స్థానంలో కొత్తవి వేయమంటే సులభంగా ఒప్పుకుంటారు.

ప్రశ్న: మా మెస్‌లో రోజుకు 25 కిలోల ఆహార వ్యర్థాలు పట్టే బయోగ్యాస్ ప్లాంటు రెండు నెలలకే మొరాయించింది. పుల్లటి వాసన వస్తోంది. గ్యాస్ వస్తున్నా మంట నిలవడం లేదు.
- ఎకో క్లబ్ కార్యదర్శి, నిజామాబాద్

జవాబు: ప్లాంటు పులిసిపోయింది. అన్నం, గంజి త్వరగా ఆమ్లంగా మారతాయి. ఆ ఆమ్లాన్ని తిని మీథేన్ (మండే గ్యాస్) చేసే సూక్ష్మజీవులు నెమ్మదిగా పెరుగుతాయి. పండగ మర్నాడు మిగిలినదంతా ఒకేసారి పోస్తే వాటికి అందదు. మీథేన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతుంది, అందుకే మంట నిలవదు.

పీహెచ్ పట్టీలు (పులుపు కొలిచేవి) కొని బయటికొచ్చే స్లర్రీని పరీక్షించండి. 6.8 నుంచి 7.2 మధ్య ఉండాలి. 6.5 కంటే తగ్గితే వారం పాటు ఏమీ వేయకండి. సున్నాన్ని నీళ్లలో కలిపి తేటనీరు కొద్దికొద్దిగా పోస్తూ రోజూ పరీక్షించండి, ఒకేసారి గుమ్మరిస్తే ఉన్న జీవులూ పోతాయి. ఆవుపేడ, నీళ్లు సమంగా కలిపి నాలుగైదు బకెట్లు పోయండి. మంట నీలంగా వచ్చాక 6 కిలోలతో మొదలుపెట్టి, వారానికి కాస్త పెంచుతూ నెల తిరిగేసరికి రోజుకు 25 కిలోలకు చేరండి. నిమ్మ చెక్కలు, చింతపండు పిప్పి, పచ్చళ్లు, ఉల్లిపొట్టు, ఎముకలు, గుడ్డు పెంకులు వేయకూడదు. గిన్నెలు కడిగిన సబ్బునీళ్లు, ఫినాయిల్ అసలే తగలకూడదు. ఏం జరిగినా ట్యాంకులోకి ఎవరూ దిగవద్దు. అందులోని గ్యాస్ క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఆగదు.

ప్లాంటు సరిగా నడిచినా 25 కిలోలకు వచ్చేది రెండు ఘనమీటర్ల పైచిలుకు గ్యాస్, అంటే కిలో ఎల్‌పీజీకి సమానం. నెలకు ఒకటిన్నర కమర్షియల్ సిలిండర్ మిగులుతుంది. అందుకే ముందు పారేసేదే తగ్గించండి: ఒక వారం పూటపూటకూ ఎంగిలి తూకం వేసి, ఏ కూర ఎంత పారేశారో మెస్ తలుపు మీద రాయండి. వడ్డించే గరిటె చిన్నది చేయించి, రెండోసారి అడిగితే కాదనకుండా పెట్టించండి. వండకుండా మిగిలిన 10 కిలోల బియ్యానికి పొయ్యి మీద గ్యాసూ ఆదా, పొలంలో నీళ్లూ ఆదా. ప్లాంటుకు తిండి తగ్గిందని బెంగపడకండి.